తవుడుకు కొన్న బిడ్డ

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోవడానికి రెండు కారణాలు. మొదటిది, అది జరిగిన రోజుకు నాకు అక్షరం రాదు. ఆడిటర్ ఆఫీసులో ఏళ్ల తరబడి కాగితాల మధ్యే తిరిగాను గానీ, ఏ కాగితంలో ఏముందో నాకు తెలిసేది కాదు. రెండోది, ఆ రోజు ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుని, "ఇది నీ నోట్లకెల్లి బయటికి రావద్దు చెల్లె" అంది. ఆమె ఇప్పుడు లేదు. ఆమె కన్న బిడ్డను వెతుక్కుంటూ పోయి అడిగితే, "రాయి అక్కా. పేర్లు మాత్రం పెట్టకు" అంది. అందుకని ఇందులో ఎవరికీ పేరు లేదు. నాకు కూడా లేదు.

ఇప్పుడు ఆఫీసుల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. మీరు చట్టం చదువుకుని వస్తారు. మీ ముందు కూర్చునే మనిషి మాత్రం ఏం చదువుకోకుండా, ఎన్నో దాచుకుని వస్తుంది. ఆ దాచుకున్నది బయటికి రావడానికి మా ఆఫీసులో ఎంత పని పడిందో చెబుతాను.

కరీంనగర్‌లో కోర్టుకు దగ్గరగా, ఒక అంతస్తు ఎక్కితే మా ఆఫీసు. సారు హైదరాబాదులో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఆయన దగ్గర ఒక పాత గుమాస్తా ఉండేవాడు. తెలుగులో దస్తావేజు రాయాలంటే ఆయనే రాయాలి. రాసింది ఎవరైనా దిద్దితే రెండు రోజులు మాట్లాడడు. కంప్యూటర్ మీద ఒక అమ్మాయి ఉండేది, ముస్లింల పిల్ల. నన్ను ఖాలా అని పిలిచేది. ఖాలా అంటే తల్లికి తోబుట్టువు. నేను అటెండర్ని. బీడీలు చుట్టి చుట్టి నడుము పోయాక ఆ పనిలో చేరాను. తలుపు తీయడం, ఊడవడం, చాయ్ పెట్టడం, ఫైళ్లు మోయడం, హాజరు పుస్తకంలో వేలిముద్ర వేయడం. ఇదీ నా ఉద్యోగం.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకటే అడిగేవారు: "సారూ, ఎవలన్న ఉత్తగ ఇస్తే గూడ పన్ను గట్టాలెనా?"

సారు ఓపికగా చెప్పేవారు. ఇచ్చింది ఎవరన్నదే అసలు సంగతి. బయటివాళ్లు ఏడాదిలో ఇచ్చిన డబ్బు మొత్తం కలిపి యాభై వేలు దాటిందా, దాటినంత వరకే కాదు, అంతా మీ ఆదాయమే. ఇల్లో జాగానో ఉత్తగా రాసిస్తే, దాని స్టాంపు విలువ యాభై వేలు దాటితే ఆ విలువంతా ఆదాయం కిందికే వస్తుంది. అదే బంధువు ఇస్తే ఎంతైనా సరే, పన్ను లేదు. పెళ్లి సందర్భంలో పెళ్లిజంటకు వచ్చినదానికి లేదు. వీలునామా వల్ల వచ్చినదానికి లేదు.

ఆ 'బంధువు' అన్న మాట దగ్గరే గొడవంతా. మా దగ్గర వాడకట్టు మొత్తం వరసలే కదా. కూరగాయలమ్మే ఆమె వదిన, ఆటో నడిపేవాడు బావ. చట్టంలో బంధువులు చాలా తక్కువ. మొగుడూ పెళ్లాం, తోబుట్టువులు, పెళ్లాం లేదా మొగుడి తోబుట్టువులు, అవ్వాబాపులు అంటే తల్లిదండ్రులు, వాళ్ల తోబుట్టువులు, పైన తాతముత్తాతలు, కింద పిల్లలు, మనుమలు, వీళ్లను కట్టుకున్నవాళ్లు. ఇంచుమించు అంతే. చిన్నాయన కొడుకు కూడా అందులో లేడని చెబితే ఒకాయన బల్ల గుద్ది, "మేమిద్దరం ఒక్క కంచంల తిన్నోళ్లం సారూ!" అని కొట్లాడి పోయాడు.

కంప్యూటర్ అమ్మాయి నన్ను ఆటపట్టించేది. "ఖాలా, నువ్వు నాకు ఇల్లు రాసియ్యకు. మస్తు పన్ను పడ్తది నాకు. నువ్వు ఉత్త పిలుపు ఖాలావు."

"రాసిచ్చెటందుకు ఇల్లుండాలె గదనే తల్లీ."

అలా నవ్వుకుంటూ ఉండగానే సాంచాలామె వచ్చింది.

పవర్‌లూమ్‌లను నేతపని ఊళ్లలో సాంచాలంటారు. ఆమెకు నలభై దాటి ఉంటాయి. ఆరు సాంచాలు నడిపిస్తుంది. మొగుడు లేడు. బ్యాంకు లోను కోసం ఏటా మా సారు దగ్గర రిటర్ను వేయించేది. రోజంతా ఆ మోతలో ఉండే మనిషి కాబట్టి మామూలు మాట కూడా అరిచినట్టే మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం గొంతు లేవలేదు. ఫోను సారు ముందు పెట్టి, "గిదేదో అచ్చింది సారూ" అంది.

ఆదాయపు పన్ను వాళ్ల నోటీసు. రెండేళ్ల కింద ఆమెకు వాళ్ల అవ్వ, అంటే తల్లి, ఇల్లూ, దాని వెనకున్న సాంచాల షెడ్డూ గిఫ్టు రాసిచ్చింది. దస్తావేజులో 'నా కూతురుకు' అని ఉంది. కూతురుకు ఇస్తే పన్ను లేదు. కానీ సాంచాలామె పాన్ కార్డులో తండ్రి పేరు ఒకటి, రాసిచ్చిన ఆమె మొగుడి పేరు ఇంకొకటి. మీరు ఆమెకు కూతురు ఎలా అయ్యారు, రుజువు చూపండి, లేకపోతే ఆ ఆస్తి విలువంతా మీ ఆదాయంగా లెక్కగడతాం అని అడిగారు. ఇప్పుడు ఇవన్నీ కంప్యూటర్ మీదే. అడిగిన ఆఫీసరు ఎక్కడుంటాడో తెలియదు, ముఖం చూసి బతిమాలుకుందామంటే ముఖమే లేదు.

"ఆ పన్ను గట్టాల్నంటే షెడ్డు అమ్మాలె," అంది సాంచాలామె. "షెడ్డు అమ్మితే సాంచాలు యాడ వెట్టాలె? అవ్వ యాడ పండాలె?"

"మీ అమ్మ మిమ్మల్ని దత్తత తీసుకుందా?"

"సాదుకున్నది సారూ."

"దత్తత కాగితం ఉందా?"

"సాదుకున్నదానికి కాయిదమెందుకు?"

సారు దత్తత పట్టుకున్నారు. అదే పొరపాటైంది. పసిపిల్లను కన్నవాళ్లు ఇవ్వగా పెంచినవాళ్లు తీసుకున్నట్టు సాక్ష్యాలుంటే, రిజిస్టరు కాగితం లేకపోయినా వాదించవచ్చని ఆయన ఆలోచన. బడి రికార్డు తెప్పించారు. అందులో కన్నతండ్రి పేరే ఉంది. ఫోటోలు అడిగారు. ఒక్కటీ లేదు. ఒకసారి గడువు పొడిగించుకున్నారు. ఆ గడువు కూడా కరిగిపోతోంది. ఇక లాభం లేదని, "ఆ పెంచిన తల్లినే తీసుకురండి, ఆ రోజు ఏం జరిగిందో ఆమె నోటితోనే వింటాను" అన్నారు.

ఆమె వచ్చింది. బక్క మనిషి. తెల్ల జుట్టు ముడి, చేతిలో ఒక సంచి. ఆమెను చిన్నామె అంటాను, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

"ఇచ్చుడు గాదు సారూ," అంది చిన్నామె. "కొన్న."

గుమాస్తా కలం ఆగిపోయింది. "కొన్నవా?"

"తవుడుకు కొన్న."

ఆ వైపు మనిషినైన నాకు వెంటనే అర్థమైంది. సారుకు కాలేదు. పుట్టిన పిల్లలు దక్కకుండా పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను చాటలో పండబెట్టి, ఇంకొకరికి గుప్పెడు తవుడుకో నూకలకో అమ్మినట్టు చేస్తారు. ఇది వాళ్ల బిడ్డ కాదు, తవుడుకు అమ్ముడుపోయిన బిడ్డ అనుకుని, తీసుకుపోవడానికి వచ్చిన కీడు మరలిపోతుందని నమ్మకం. చాలా ఇళ్లలో కొన్నవాళ్లు బిడ్డను మర్నాడే తెచ్చిస్తారు. వీళ్లు తెచ్చివ్వలేదు. కన్నామెకు అంతకు ముందు ముగ్గురు పోయారు, నాలుగోది కూడా పోతుందేమోనని ఆమె భయం. కొన్నామెకు పిల్లలు లేరు. ఇద్దరూ కొండగట్టుకు పోయి అంజన్న ముందు ఒట్టు పెట్టుకున్నారు. కన్నామె ఈ పిల్లను 'నా బిడ్డ' అని ఎన్నడూ నోటితో అనకూడదు. అంటే పిల్లకు గండం.

సారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. "దత్తతలో డబ్బో వస్తువో పుచ్చుకోకూడదమ్మా. కొన్నానని రాస్తే ఇంకో కేసు అవుతుంది."

"తవుడు సారూ," అన్నాడు గుమాస్తా. "గుప్పెడు తవుడు."

"మీరు ఊరుకోండి."

"పోనీ, పంతులు అచ్చిండు, హోమం జేసిండు అని రాద్దాం. గా పంతులు చచ్చిపోయిండని గూడ రాద్దాం."

సారు ఆయన వైపు చూసిన చూపుకు గుమాస్తా చాయ్ తాగడం మొదలుపెట్టాడు. పంకా తిరుగుతోంది. సారు ఏదో ఒకటి అడగాలన్నట్టు అడిగారు. "ఇంతకూ మీకు అమ్మింది ఎవరు?"

చిన్నామె సంచి ఒడిలోకి లాక్కుంది. సాంచాలామె నేల చూస్తూ చెప్పింది. "మా పెద్దవ్వ సారూ. అవ్వకు సొంత అక్క."

సారు కుర్చీలోంచి లేచారు. "సొంత అక్కా? ఒకే తల్లి, ఒకే తండ్రి?"

"ఔ."

"అయితే ఈమె నీకు పెంచిన తల్లే కాదు, కన్నతల్లికి చెల్లెలు కూడా!" ఆయన గట్టిగా నవ్వేశారు. "తల్లి తోబుట్టువు ఇస్తే పన్నే లేదు కదయ్యా! ఇన్ని రోజులు దత్తత దత్తత అని నేను... అడగొద్దా ఒక్క మాట?"

అందరి ముఖాలూ విప్పారాయి. కంప్యూటర్ అమ్మాయి చప్పట్లు కొట్టింది. దస్తావేజులో కూతురని రాసినందుకు స్టాంపు ఖర్చులో తేడా ఏమైనా ఉంటే కట్టుకోవచ్చని, దానితో ఇల్లు పోదని సారు చెప్పారు. కన్నతల్లి వచ్చి, ఈమె నాకు పుట్టింది, ఆమె నా చెల్లెలు అని నోటరీ ముందు చెప్పి అఫిడవిట్ ఇస్తే చాలు. అక్కచెల్లెళ్లిద్దరి పేర్లూ ఉన్న వాళ్ల తండ్రి ఇంటి పంపకం కాగితం ఎలాగూ ఉంది.

చిన్నామె లేచి నిలబడింది. సంచి చంకన పెట్టుకుంది.

"గది రాయద్దు."

"ఎందుకమ్మా? అది నిజమే కదా?"

"నిజమే. గందుకే అనద్దు. పిల్ల పాణం కంటే ఇల్లు ఎక్కువ గాదు సారూ." మెట్లు దిగి వెళ్లిపోయింది. సాంచాలామె వెనకాలే పరుగెత్తింది.

గడువు ఆఖరు రోజు వచ్చింది. ఆ రోజు జవాబు పంపకపోతే ముఖం లేని ఆఫీసరు తన దారిన తాను ఉత్తర్వు రాసేస్తాడు. గుమాస్తా అఫిడవిట్ ముందే తెలుగులో రాసి టైపు చేయించాడు. కింద గదిలోని నోటరీ వకీలును సారు బతిమాలి ఆపి ఉంచారు. ఆయనకు మంచిర్యాలలో మేనకోడలి పెళ్లి, మధ్యాహ్నం రైలెక్కాలి. గడియారం చూస్తూ, నల్లకోటు విప్పుతూ తొడుగుతూ ఉన్నాడు.

సాంచాలామె ధర్మపురి వైపు పల్లె నుంచి పెద్దామెను తీసుకొచ్చింది. పొద్దున్నే పోయి, బతిమాలి, బస్సెక్కించింది. పెద్దామె పొడుగు మనిషి, కాస్త వంగింది. వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి; చూడగానే తెలిసింది, బీడీలు చుట్టిన వేళ్లు. నా వేళ్లను కూడా ఆమె చూసింది.

"నువ్వు గూడ చుట్టినవా చెల్లె?"

"చుట్టిన అక్కా, చానేండ్లు."

ఆమె అందరినీ బిడ్డా అనే పిలిచేది. మంచినీళ్లిస్తే కంప్యూటర్ అమ్మాయిని "సల్లగుండు బిడ్డా" అంది. నోటరీని కూడా "గా కోటు ఇడువు బిడ్డా, ఉడుకపోత్తలేదా" అంది. పక్కనే కూర్చున్న సాంచాలామెను మాత్రం "ఓ పిల్లా" అంటోంది. "ఓ పిల్లా, గా సంచి ఇటియ్యి." లోకంలో ఎవరినైనా అనగలిగే మాట, ఆ ఒక్క మనిషిని అనకుండా ఇన్నేళ్లు ఎలా దాటేసిందో.

అంతలో చిన్నామె వచ్చింది. ఎవరూ పిలవలేదు. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చి, "అక్కా, లే. పోదాం" అంది.

"కూసో."

"ఒట్టు మర్శినవా?"

"మర్వలే. కూసో అంటున్న."

నోటరీ కాగితం ముందుకు జరిపాడు. "అమ్మా, ఇందులో ఏముందో మీకు చెప్పారు గదా? నిజమే అని మీ నోటితోని చెప్పాలి. అప్పుడు వేలిముద్ర."

పెద్దామె కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిప్పింది. "చెల్లె, నువ్వు మా అసొంటిదానివి. గీళ్లు జెప్పిందే ఉన్నదా గిండ్ల? గా మాట యాడున్నది? జూపియ్యి."

నేను కాగితం చేతిలోకి తీసుకున్నాను. నల్లటి వరసలు. ఆ బల్లను నేను రోజూ తుడుస్తాను. అలాంటి కాగితాలు ఎన్నో గోడలెత్తు మోశాను. ఆ మనిషి తన జన్మలో ఒక్కసారి చెప్పబోయే మాట అందులో ఎక్కడో ఉంది, నాకు కనిపించడం లేదు.

"నాకు సదువు రాదక్కా."

"మరి ఇన్నేండ్లు గీ ఆపీసుల ఏం జేస్తున్నవే?"

"ఊడుస్తున్న."

ఆమె పకపకా నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు. నేను కూడా నవ్వాను గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కంప్యూటర్ అమ్మాయి వచ్చి కాగితం మీద వేలు పెట్టింది. "ఇగో అవ్వా, ఇక్కడున్నది, నా కడుపున పుట్టిన బిడ్డ అని. జర చూడు." పెద్దామె సిరా లేని వేలితో ఆ చోటును ఒకసారి తాకి చూసింది.

"ఏలు పెడ్త," అంది. "నోటితోని అన."

"అట్ల కుదరదమ్మా," అన్నాడు నోటరీ. "మీరు చెప్పినట్టు నేను సంతకం పెట్టాలి. చెప్పంది చెప్పిండ్రని ఎట్ల పెడ్త?"

"గంతే. ఇగ పోదాం," అంది చిన్నామె. "షెడ్డు అమ్ముతం. పన్ను గడతం."

అప్పుడు లేచింది సాంచాలామె గొంతు. ఆరు సాంచాల మోతను దాటే గొంతు. "అమ్ముతవా? అమ్మి నన్ను యాడ వెడ్తవు? చిన్నప్పటిసంది సూస్తున్న, ఒకలు బిడ్డా అనరు, ఒకలు అననియ్యరు! నాకు గండం గండం అని మీరిద్దరే నా గండమైండ్రు!"

చిన్నామె కొట్టినట్టు వెనక్కి వాలింది. పెద్దామె మాత్రం ఏదో లెక్క చూసుకున్నట్టు కాసేపు కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచి చెల్లెలితో మెల్లగా అంది.

"తవుడుకు కొన్నవు. నీ తవుడు నీకిస్తే, అమ్మకం ఉండది. అమ్మకం లేకుంటే ఒట్టు లేదు. గప్పుడు అంట."

"తవుడు తీస్కొని?"

"మల్ల నీకే అమ్ముత."

చిన్నామె అక్క ముఖంలోకి చూసింది. "అమ్మకుంటే?"

పెద్దామె బల్ల మీది కాగితాన్ని చెల్లెలి వైపు జరిపింది. చిన్నామె కొంగు బొడ్లో దోపుకుంది. "తవుడు తెప్పియ్యిండ్రి," అంది.

సారు నా వైపు చూశారు. నేను అప్పటికే మెట్ల మీద ఉన్నాను.

కోర్టు దగ్గర జిరాక్సు దుకాణాలు వరసగా ఉంటాయి, తవుడు ఎక్కడ దొరుకుతుంది? ఆటో పట్టుకుని దాణా దుకాణానికి పోయాను. బస్తాల మీద కూర్చున్నాయన, "బర్లెన్ని?" అన్నాడు.

"బర్లు లెవ్వు. దోసెడు చాలు."

"దోసెడు తవుడు కోడిపిల్లకు గూడ చాలదు. ఎవలికి?"

"మనిషికి. తొందరగ పొయ్యి అన్నా, దండం పెడ్త."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, పొట్లం కట్టి, పైసలు తీసుకోలేదు. పిచ్చిదాన్ననుకుని ఉంటాడు. వెనక్కి వచ్చి మెట్ల దగ్గర పల్లీలమ్మే ఆమె చాట గుంజుకున్నాను. "నా పల్లీలు యాడ పొయ్యాలెనే!" అని ఆమె అరుస్తూనే ఉంది. పైకి వెళ్లేసరికి నోటరీ కోటు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. కానీ పోలేదు.

నేను చాట పెద్దామె ముందు పెట్టి తవుడు పోశాను. సారు ఫైళ్లు పక్కకు జరిపారు. పెద్దామె రెండు చేతులా తవుడు ఎత్తి, చెల్లెలి ఒడిలో పోసింది. "నీ తవుడు నీకు ముట్టింది."

చిన్నామె "ముట్టింది" అంది. వినబడీ వినబడకుండా.

పెద్దామె నోటరీ వైపు తిరిగింది. గొంతు సవరించుకుంది.

"ఇది నా కడుపున పుట్టింది. నా బిడ్డ. గామె నా చెల్లె. గీ కాయిదంల రాసింది నిజం."

వేలిముద్ర పడింది. నోటరీ తలవంచుకుని సంతకం పెట్టాడు, ముద్రలు కొట్టాడు. కంప్యూటర్ అమ్మాయి కాగితం పట్టుకుని స్కానర్ దగ్గరికి పరుగెత్తింది. ఆదాయపు పన్ను వాళ్ల పేజీ తెరుచుకోక తిరుగుతూనే ఉంది. "యా అల్లా, ఖుల్ జా, తెరుచుకో" అని ఆ అమ్మాయి గొణుగుతోంది.

ఇక్కడ ఎవరూ ఆ తెరను చూడటం లేదు. చిన్నామె ఒడిలోని తవుడంతా దోసిట్లోకి ఎత్తుకుని, అక్క ముందు చాపి నిలబడింది. "కొంటున్న," అంది. "కొంగు వట్టు."

పెద్దామె కొంగు పట్టలేదు.

ఆమె చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. చిన్నామె వేళ్ల సందుల్లోంచి తవుడు నేల మీద రాలుతోంది. "అక్కా," అంది. మళ్లీ "అక్కా" అంది. పన్నూ, గడువూ, షెడ్డూ అన్నీ మరిచిపోయాను. ఈమె ఇవ్వకపోతే ఆ దోసిలి ఏం కావాలి?

పెద్దామె సాంచాలామె వైపు తిరిగింది. ముఖాన్ని మొత్తంగా, తీరిగ్గా చూసింది.

"బిడ్డా," అంది.

సాంచాలామె చిన్నపిల్ల పలికినట్టు, "ఆఁ, అవ్వా" అంది.

"ఏం లేదు. ఉత్తగనే పిలిశిన."

అప్పుడు కొంగు పట్టింది. చిన్నామె తవుడు అందులో వదిలేసి, అక్క భుజం మీద వాలి ఏడ్చింది. "చాటల పండాలె గద, ఇప్పుడు యాడ పడ్తది గిది?" అని పెద్దామే నవ్వించింది. సాంచాలామె ముక్కు చీదుకుంటూ రెండు అరచేతులూ చాటలో పెట్టింది. చిన్నామె ఆ చేతులు అందుకుని లేవదీసింది. బేరం అయిపోయింది.

"పోయింది! పోయింది!" అని అరిచింది కంప్యూటర్ అమ్మాయి. జవాబు అందినట్టు తెర మీద పడింది. నోటరీ ఫీజు అడగకుండానే రైలుకు పరుగెత్తాడు. గుమాస్తా కళ్లజోడు తుడుచుకుంటూ, "దుమ్ము లేశింది తవుడుకు" అన్నాడు.

మెట్లు దిగేటప్పుడు పెద్దామె నా చెయ్యి పట్టుకుని, ఇది బయటికి రావద్దని మాట తీసుకుంది. తర్వాత వెనక్కి తిరిగి, "ఓ పిల్లా, సంచి పట్టుకో" అని పిలిచింది. బిడ్డ మళ్లీ పిల్లే అయింది.

కొన్ని నెలలకు ఆ ఆస్తిని ఆదాయంలో కలపడం లేదని ఉత్తర్వు వచ్చింది. సారు మిఠాయి తెప్పించారు. అప్పటి నుంచి కానుక అంటూ ఎవరు వచ్చినా ఆయన మొదట అడిగేది కాగితం కాదు. "ఇచ్చినవాళ్లు మీకు ఏమవుతారు? పిలిచే వరస కాదు, పుట్టిన వరస చెప్పండి" అంటారు. చట్టానికి కావలసింది అదే. మనుషులకు రెండూ కావాలి. అది ఆయన రాతలో రాదు, ఆయన తప్పు కాదు.

ఆ తవుడు బేరం జరిగిన మర్నాడు పొద్దున ఎప్పటిలాగే నేనే తలుపు తీశాను. నేలంతా తవుడు. బల్ల కాళ్ల దగ్గర, కుర్చీ కింద, సారు ఆఫీసులో వేసుకునే చెప్పుల్లో కూడా. చెత్తబుట్టలో వేయబుద్ధి కాలేదు. ఊడ్చి, కాగితంలో ఎత్తి, పల్లీలామె చాట తిరిగిచ్చేటప్పుడు ఆ పొట్లం కూడా ఇచ్చాను. ఇంట్లో మేకలున్నాయామెకు.

కంప్యూటర్ అమ్మాయి వచ్చి హాజరు పుస్తకమూ సిరా డబ్బా నా ముందు పెట్టింది. వేలు చాపబోయి ఆగాను.

"నిన్నటి కాయిదం ఇంకోటి ఉన్నదా నీ దగ్గర?"

"జిరాక్స్ ఉన్నది ఖాలా. ఎందుకు?"

"తియ్యి. గా అక్కకు నువ్వు వేలు వెట్టి జూపిన మాట నాకు జూపియ్యి."

ఆ అమ్మాయి తీసి చూపించింది. నా పేరు ఎలా రాయాలో చెబుతానంది. వద్దన్నాను, అది తర్వాత నేర్చుకుంటాను. చాయ్ పెట్టడం ఆలస్యమైంది, సారు వచ్చి నిలబడి చూసి ఏమీ అనకుండా లోపలికి పోయారు. పాత నోటీసు వెనక తెల్లవైపున, ఆ అమ్మాయి నా చెయ్యి పట్టి తిప్పితే, వంకరటింకరగా మొదటిసారి రాశాను: బిడ్డ.